వేగంగా బలపడే తుపానును సీమలో కూర్చుని ట్రాక్ చేయడం: మొదటి అంకె నుంచి చివరి వాన దాకా

అక్టోబరు దాటితే కడప, అనంతపురం, కర్నూలు నుంచి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "నిన్న సాయంత్రం మామూలు తుపాను అన్నారు, తెల్లారేసరికి అతి తీవ్ర తుపాను అంటున్నారు. ఇది ముందే పసిగట్టలేమా?" కొంతవరకు పసిగట్టొచ్చు. ఫోన్లో రంగురంగుల బొమ్మలు తిప్పుకుంటూ కూర్చుంటే మాత్రం కాదు. అంకెలు రాసుకుంటూ పోవాలి. కింది పద్ధతికి కావాల్సింది ఒక నోటుబుక్కు, కాస్త ఓపిక.

ఒక మాట ముందే చెప్పాలి. మన జిల్లాలకు తుపాను గాలిగా రాదు, నీళ్లుగా వస్తుంది. సముద్రంలో అది బలపడుతున్నప్పుడు చేసే పని ఒకటి, తీరం దాటి బలహీనపడ్డాక చేసే పని ఇంకొకటి. చాలామంది మొదటిదాంతోనే ఆపేస్తారు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

☐ 100 పేజీల గీతల నోటుబుక్కు, పెన్ను. స్ప్రెడ్‌షీట్ వచ్చినవాళ్లు అదైనా వాడొచ్చు, కానీ కరెంటు పోయిన రాత్రి పుస్తకమే పనికొస్తుంది.

☐ బంగాళాఖాతం మ్యాపు ప్రింటు, 5 నుంచి 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77 నుంచి 95 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు. ప్రతి డిగ్రీకి గీత ఉండాలి.

☐ ఫోన్లో మౌసమ్, సచేత్ యాప్‌లు. బ్రౌజర్‌లో భారత వాతావరణ విభాగం తుపాను బులెటిన్ల పేజీ, అమరావతి వాతావరణ కేంద్రం పేజీ, ఉపగ్రహ చిత్రాల పేజీ బుక్‌మార్క్ చేసుకోండి.

☐ పీడనం చూపే యాప్. మీ ఫోన్‌లో బారోమీటర్ సెన్సర్ ఉందో లేదో ముందు చూసుకోండి. సెన్సర్ లేని ఫోన్‌లో యాప్ ఇంటర్నెట్ నుంచి తెచ్చిన అంకె చూపిస్తుంది. అది మీ ఇంటి పీడనం కాదు.

☐ వాన కొలిచే డబ్బా.

డబ్బా ఇంట్లోనే తయారవుతుంది. 10 సెంటీమీటర్ల మూతి ఉన్న గరాటును 2 లీటర్ల సీసాకు బిగించండి. ఆ మూతి వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు కాబట్టి 1 మిల్లీమీటరు వానకు 7.85 మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి. సీసాలో 785 మిల్లీలీటర్లు ఉంటే 100 మిల్లీమీటర్ల వాన పడినట్టు. లీటరు సీసా పెడితే 127 మిల్లీమీటర్లకే పొర్లిపోతుంది, సరిగ్గా కొలవాల్సిన రోజే కొలత పోతుంది. గోడకు, చెట్టుకు ఎడంగా, ఇటుకల మధ్య కదలకుండా పెట్టండి. ప్రతిరోజూ ఉదయం 8:30కే కొలవండి, దేశమంతా వాన లెక్క కట్టేది ఆ టైముకే.

## 2. టైం లెక్క సరిచేసుకోండి

వాతావరణ లెక్కలన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఒకే ప్రామాణిక టైంలో ఉంటాయి. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన టైం. 00 యూటీసీ అంటే మనకు ఉదయం 5:30, 03 అంటే 8:30, 12 అంటే సాయంత్రం 5:30.

వ్యవస్థ తుపాను స్థాయికి వచ్చాక మన వాతావరణ విభాగం 3 గంటలకో బులెటిన్ ఇస్తుంది. "8:30 గంటలకు కేంద్రీకృతమై ఉంది" అన్న బులెటిన్ మీ చేతికి వచ్చేసరికి 11 దాటొచ్చు. పుస్తకంలో రాయాల్సింది బులెటిన్ వచ్చిన టైం కాదు, లోపల ఉన్న పరిశీలన టైం. ఇక్కడ తప్పితే కింది లెక్కలన్నీ తప్పుతాయి.

అమెరికా హరికేన్లను చూసేవాళ్లకు ఇది ఇంకా సులువు. అక్కడి ప్రధాన అడ్వైజరీలు 6 గంటలకొకటి, మన టైం ప్రకారం ఉదయం 8:30, మధ్యాహ్నం 2:30, రాత్రి 8:30, తెల్లవారుజామున 2:30 లెక్కన వస్తాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అట్లాంటిక్ మీద చేయి తిప్పుకోవడం మంచి సాధన. అక్కడ విమానాలు తుపాను కంట్లోకి వెళ్లి కొలుస్తాయి, అంకెలు గట్టివి. మన బంగాళాఖాతంలో అలాంటి విమానాలు మామూలుగా తిరగవు. ఇక్కడి గాలి వేగం చాలావరకు ఉపగ్రహ చిత్రం నుంచి కట్టిన అంచనా.

## 3. పేర్లు, వేగాలు

నోటుబుక్కు మొదటి పేజీలో ఇది రాసుకోండి. 1 నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.

- వాయుగుండం: 17–27 నాట్లు
- తీవ్ర వాయుగుండం: 28–33
- తుపాను: 34–47
- తీవ్ర తుపాను: 48–63
- అతి తీవ్ర తుపాను: 64–89
- దాని పై మెట్టు (పేపర్లలో అత్యంత తీవ్ర, పెను అని రకరకాలుగా రాస్తారు): 90–119
- సూపర్ సైక్లోన్: 120, ఆపైన

ఇవి 3 నిమిషాల సగటు గాలి. అమెరికా సంస్థలు 1 నిమిషం సగటు వాడతాయి కాబట్టి అదే తుపానుకు వాళ్ల అంకె కాస్త ఎక్కువగా ఉంటుంది. ఉదయం మనవాళ్ల అంకె, సాయంత్రం వాళ్ల అంకె రాసుకుని "పెరిగిపోయింది" అని గాబరా పడటం అందరూ చేసే తప్పే. ఏదో ఒక సంస్థను పట్టుకుని చివరిదాకా దాంతోనే ఉండండి. ఇద్దరివీ కావాలంటే రెండు వేర్వేరు పేజీలు.

టీవీలో "గంటకు 90–100, ఒక్కోసారి 110 కిలోమీటర్లు" అంటారు. చివరిది ఈదురుగాలి విసురు. పట్టికలో రాయాల్సింది మొదటి జంట.

## 4. అసలు పని: పట్టిక

ఏడు గళ్లు గీయండి: తేదీ–సమయం, అక్షాంశం, రేఖాంశం, గాలి (నాట్లలో), కేంద్ర పీడనం (హెక్టాపాస్కల్), టి సంఖ్య, నిన్న ఇదే టైముతో గాలి తేడా.

వేగంగా బలపడటం అన్న మాటకు కచ్చితమైన హద్దు ఉంది: 24 గంటల్లో గాలి 30 నాట్లు, అంటే సుమారు 55 కిలోమీటర్లు, లేదా అంతకన్నా ఎక్కువ పెరగాలి. ఏడో గడిలో 30 కనబడిన రోజు అది జరిగినట్టే. ఆ హద్దు దాకా ఆగకుండా ముందే వాసన పట్టాలి, అందుకే పట్టిక.

ఊహించిన ఉదాహరణ చూడండి. మొదటి రోజు ఉదయం 8:30కి 35 నాట్లు, 1000 హెక్టాపాస్కల్. మధ్యాహ్నం 2:30కి 40. రాత్రి 8:30కి 45, పీడనం 994. తెల్లవారుజామున 2:30కి 55, పీడనం 988. రెండో రోజు 8:30కి 70, పీడనం 976.

ఆరేసి గంటల పెరుగుదల వరుసగా 5, 5, 10, 15. చూడాల్సింది గాలి పెరగడం ఒక్కటే కాదు, ఆ పెరుగుదల కూడా పెరుగుతోంది. పీడనం కూడా అదే చెబుతోంది: చివరి 6 గంటల్లోనే 12 పడింది. రాత్రి 2:30 వరసలో 10 అన్న అంకె చూసినవాడికి ఉదయం వార్త వింత కాదు.

టి సంఖ్య ఉపగ్రహ చిత్రంలో మేఘాల ఆకారం చూసి ఇచ్చే మార్కు. 2.5 అంటే 35 నాట్లు, 3.0 అంటే 45, 3.5 అంటే 55, 4.0 అంటే 65, 5.0 అంటే 90. మామూలుగా రోజుకు 1 చొప్పున పెరుగుతుంది. ఒకే రోజులో 2.5 నుంచి 4.0కి ఎక్కితే 30 నాట్లు పూర్తయినట్టే.

అంచనాలో 5–10 నాట్ల పొరపాటు ఎప్పుడూ ఉంటుంది. ఒక్క బులెటిన్‌లో గెంతు కనబడితే పెన్సిల్‌తో రాయండి. తర్వాతి బులెటిన్ కూడా అదే మాట చెబితే పెన్నుతో దిద్దండి.

దూరం, నడక వేగం కూడా లెక్కకట్టండి. అక్షాంశంలో 1 డిగ్రీ 111 కిలోమీటర్లు, మన అక్షాంశం దగ్గర రేఖాంశంలో 1 డిగ్రీ సుమారు 108. తుపాను 6 గంటల్లో 12.0/83.5 నుంచి 12.4/82.9కి జరిగిందనుకోండి. ఉత్తరానికి 44, పడమరకు 65, ఏటవాలుగా దాదాపు 79 కిలోమీటర్లు. అంటే గంటకు 13. అక్కడి నుంచి కడప దాదాపు 500 కిలోమీటర్లు. నడక తగ్గినా తుపాను తగ్గిందని అనుకోవద్దు. వెచ్చని నీళ్లమీద నెమ్మదించిన తుపానుకు బలపడటానికి టైం దొరుకుతుంది, తీరం దగ్గర నెమ్మదిస్తే ఒకేచోట వాన గుమ్మరిస్తుంది.

## 5. బలపడే పరిస్థితి ఉందా?

రోజుకు ఒక్కసారి, ఉదయం పూట, మూడు మ్యాపులు చూస్తే చాలు.

సముద్రపు వేడి. తుపాను బతకడానికి 26.5 డిగ్రీల సెల్సియస్ కావాలి. గబగబా బలపడటానికి 28, 29 ఉండాలి, ఆ వేడి పైపొరలోనే కాక లోతుగానూ ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో మన సముద్రంలో వేడి చాలాసార్లు సరిపోతుంది, కాబట్టి ఈ ఒక్క మ్యాపు చూసి ఏమీ తేల్చలేం.

గాలి కోత. కింద ఒక దిక్కుకు, పైన ఇంకో దిక్కుకు గాలి వీస్తే మేఘాల స్తంభం ఒరిగిపోతుంది. కింది, పై గాలుల తేడా 10 నాట్ల లోపు ఉంటే అనుకూలం, 20 దాటితే కష్టం. మూడింటిలో ఒక్కటే చూడటానికి టైం ఉంటే ఇదే చూడండి.

పొడిగాలి. నీటి ఆవిరి చిత్రంలో గోధుమ, నారింజ రంగు నాలుకలు ఉత్తరం నుంచో, దక్కన్ మీదినుంచో తుపాను నడుమకు దూరుతుంటే బ్రేకు పడుతుంది.

మూడూ అనుకూలంగా ఉన్నా కొన్నిసార్లు బలపడదు, మోడళ్లు (కంప్యూటర్ అంచనాలు) వద్దన్నా కొన్నిసార్లు బలపడుతుంది. 2023 అక్టోబరు 25న మెక్సికోలోని అకపుల్కో దగ్గర తీరం దాటిన ఓటిస్ ముందురోజు వరకు మామూలు తుపానే. తీరానికి వచ్చేసరికి ఐదో కేటగిరీ, అంటే అమెరికా లెక్కలో అన్నిటికన్నా పై మెట్టు. అందుకే మ్యాపులు "అవకాశం ఉంది" అనేవరకే. జరిగిందో లేదో పట్టిక చెప్పాలి.

## 6. ఉపగ్రహ చిత్రం చదివే వరుస

1. పగలైతే ముందు మామూలు వెలుగు చిత్రం చూడండి. కింది మేఘాల సుడి ఎక్కడుందో గుర్తించండి.
2. ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో అతి చల్లని మేఘాలు ఆ సుడి మీద ఉన్నాయా, పక్కకు జరిగాయా చూడండి. పక్కకు జరిగితే గాలి కోత పనిచేస్తోంది.
3. మేఘాల పైభాగం మైనస్ 70, మైనస్ 80 డిగ్రీలకు చేరి, ఆ చల్లదనం 6 గంటలైనా నిలిచిందా? ఒక గంట మెరిసి పోయేది ఉరుముల మేఘం మాత్రమే.
4. చల్లని మేఘం నడిమధ్య వేడి చుక్క తేలిందా? అది కన్ను. కన్ను వెచ్చబడుతూ, చుట్టూ వలయం చల్లబడుతుంటే బలం పెరుగుతోంది.
5. మైక్రోవేవ్ చిత్రం దొరికితే తప్పక చూడండి. పైమేఘం కప్పేసినా లోపలి వాన వలయాన్ని అది చూపిస్తుంది. వలయం మూసుకుందంటే, కన్ను మామూలు చిత్రంలో తేలడానికి కొన్ని గంటల ముందే సూచన దొరికినట్టు. ఈ ఉపగ్రహాలు రోజుకు కొన్నిసార్లే తిరుగుతాయి, చిత్రం మీది టైం చూడటం మరవొద్దు.

బాగా బలపడ్డ తుపానులో పాత కంటిగోడ (కన్ను చుట్టూ ఉండే మేఘాల వలయం) చుట్టూ కొత్త గోడ కట్టుకుంటుంది. అప్పుడు గాలి కొన్ని గంటలు తగ్గుతుంది. "బలహీనపడింది" అని పుస్తకం మూయొద్దు. ఆ టైములో తుపాను వెడల్పు పెరుగుతుంది.

## 7. దారి, మోడళ్లు

దారి మ్యాపులో గీసే శంకువు ఆకారపు అంచనా, తుపాను కేంద్రం ఎటు వెళ్లొచ్చో మాత్రమే చెబుతుంది. వాన హద్దు చెప్పదు. "మన జిల్లా శంకువులో లేదు కదా" అనుకోవడం సీమలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు.

అమెరికా మోడల్, యూరప్ మోడల్ రెండింటిలోనూ 00 యూటీసీకి మొదలైన అంచనాలనే పోల్చండి. మధ్యాహ్నం 2 తర్వాత చూస్తే రెండూ వచ్చి ఉంటాయి. 12 యూటీసీవి మరునాడు పొద్దున చూడొచ్చు, వాటికోసం రాత్రి మేలుకోనక్కర్లేదు. 10 రోజుల ముందు మోడల్ గీసిన తుపానును ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, అలాంటివి సగం పుట్టనే పుట్టవు. ప్రపంచ మోడళ్లు తుపాను నడుమ భాగాన్ని వివరంగా చూడలేవు, కాబట్టి దారికి వాటిని నమ్మినంతగా బలానికి నమ్మకండి.

## 8. రాడార్: మనకు ఎంతవరకు?

కడపకు శ్రీహరికోట రాడార్ సుమారు 175 కిలోమీటర్లు, చెన్నై రాడార్ 220. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ పైకి లేస్తుంది. చెన్నై కిరణం కడప మీదికి వచ్చేసరికి నేలకు 4–5 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని కిందినుంచి కురిసే ముసురు రాడార్‌లో పలచగా కనిపిస్తుంది, డబ్బాలో మాత్రం నిండుగా ఉంటుంది. కర్నూలు వాళ్లు హైదరాబాద్ రాడార్ చూడాలి, దూరం 185 దాకా. అనంతపురానికి చెన్నై 340 కిలోమీటర్లు, ఆ చిత్రంతో లాభం లేదు. అక్కడ ఉపగ్రహ చిత్రం, మండలాల వానమాపక లెక్కలే దిక్కు.

## 9. ఇంటి దగ్గర పీడనం, గాలి

ఫోన్ బారోమీటర్ చూపేది మీ ఊరి ఎత్తున ఉన్న పీడనం. సముద్రమట్టం లెక్క కన్నా కడపలో సుమారు 16, కర్నూలులో 32, అనంతపురంలో 38 హెక్టాపాస్కల్ తక్కువ ఉంటుంది. అనంతపురంలో 972 చూసి తుపాను నెత్తిమీదికి వచ్చిందనుకోవద్దు, ఎండ కాస్తున్న రోజూ అంతే.

రెండో మెలిక: తుపాను లేకున్నా పీడనం రోజూ ఉదయం 10, రాత్రి 10 ప్రాంతంలో ఎక్కి, తెల్లవారుజామున, సాయంత్రం 4 ప్రాంతంలో దిగుతుంది. తేడా 3–4 దాకా ఉంటుంది. అందుకే 10 గంటల అంకెను 4 గంటల అంకెతో పోల్చొద్దు. నిన్న 4తో ఈరోజు 4ను పోల్చండి. 24 గంటల తేడా 3 దాటితే గట్టి కబురే.

గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. కడపలో గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, తర్వాత ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మీకు దక్షిణంగా పోతోంది. వాన మీ వైపే. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరిగితే కేంద్రం ఉత్తరంగా పోతోంది. అప్పుడు చాలాసార్లు పొడిగాలి వస్తుంది. వాన మీద ఆశ పెట్టుకున్న అనంతపురం రైతుకు ఇది చేదు కబురే: కోస్తా వెంబడి పైకి పోయే పెద్ద తుపాను మన తేమను కూడా లాక్కుపోతుంది.

## 10. బలహీనపడ్డాక మొదలయ్యే పని

2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది వాయుగుండం మాత్రమే. తుపాను పేరు కూడా పెట్టలేదు. ఆ ఉదయమే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పులపత్తూరు, మందపల్లి ఊళ్లు కొట్టుకుపోయాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు నగరాన్ని ముంచినప్పుడూ సముద్రంలో భీకర తుపాను లేదు. దీనికి ఎదురుగా 2020 మే 18న సూపర్ సైక్లోన్ అయిన ఆంఫన్ బెంగాల్ వైపు పోయింది.

కాబట్టి పట్టికలో గాలి 30 నాట్ల కిందికి దిగాక కొత్త పేజీ తెరవండి:

☐ కేంద్రం తీరం దాటింది చెన్నై–నెల్లూరు మధ్యనా, దక్షిణంగానా, బాపట్ల పైనా? మొదటి రెండింటిలో శేషాచలం, పాలకొండ, వెలికొండలకు తూర్పుగాలి నేరుగా తగులుతుంది.

☐ కేంద్రం నడక గంటకు 10 కిలోమీటర్ల లోపుకు పడిందా?

☐ మీ ఊళ్లో వాన కాదు, మీ ఊరికి పైన ఎంత? రాజంపేట వాళ్లు పింఛా, బాహుదా పరీవాహకం చూడాలి. కడప నగరం బుగ్గవంక పైభాగం, కమలాపురం పాపాఘ్ని, అనంతపురం నడిమివంక, పండమేరు, కర్నూలు హంద్రీ.

☐ 24 గంటల వాన ఏ మెట్టు? 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ.

☐ గత 10 రోజుల్లో నేల తడిసిందా, చెరువులు మరువ పారుతున్నాయా?

లెక్క కోసం: 283 చదరపు కిలోమీటర్ల మీద 100 మిల్లీమీటర్లు పడి మొత్తం పారితే 1 టీఎంసీ. ఎండిన నేల అందులో చాలా తాగేస్తుంది. తడిసిన నేల తాగదు. అదే వాన రెండోసారి పడితే ఏరు రెండింతలు వచ్చేది ఇందుకే.

## 11. తరచూ జరిగే ఇంకొన్ని తప్పులు

పాత వీడియో. వేరే ఏడాది వీడియో కొత్త తుపాను పేరుతో తిరుగుతుంది. టైం ముద్ర లేని చిత్రం పట్టికలోకి రానివ్వొద్దు.

కేటగిరీ పోలిక. 2025 అక్టోబరు 28న అట్లాంటిక్ హరికేన్ మెలిస్సా ఐదో కేటగిరీ బలంతో జమైకాను తాకింది, అదే రోజు రాత్రి మొంథా మన కోస్తాలో తీరం దాటింది. రెండింటి మెట్లు పక్కపక్కన పెట్టి "మనది చిన్నదే" అనడం కుదరదు. సగటు నిమిషాలే వేరు.

సొంత హెచ్చరికలు. మీ పట్టిక మీకోసం. వాట్సాప్‌లో పెట్టాలంటే అధికారిక బులెటిన్‌ను అలాగే, టైముతో సహా పెట్టండి. మీ అంచనాను హెచ్చరికలా రాయొద్దు.

## 12. వాన మొదలయ్యే ముందు రోజు

☐ ఫోన్లు, పవర్‌బ్యాంకు నిండా చార్జింగ్

☐ 1070, 112 నంబర్లు కాగితం మీద

☐ కళ్లంలో శనక్కాయ, మిరప ఉంటే పట్ట కప్పి, చుట్టూ కాలువ తీయడం. శనగ విత్తాలనుకునేవాళ్లు బులెటిన్ చూసి ఆగడం

☐ వంక దాటాల్సిన పనులన్నీ ముందురోజు పగటిపూటే

☐ వాన డబ్బా ఖాళీ చేసి, గరాటులో ఆకులు తీసేయడం

☐ రాత్రి 8:30, 11:30, 2:30 వరసలు ఎవరు రాయాలో ఇంట్లో ముందే పంచుకోవడం

వాన ఆగాక కూడా 48 గంటలు రాస్తూనే ఉండండి. పైన పడ్డ నీళ్లు పెన్నలోకి దిగడానికి ఆ టైం పడుతుంది.